జెల్, సీరమ్, స్ప్రేల్లో ఉండే 'ప్లాస్టిక్' పొర: భయపడాల్సింది ఎక్కడ, అక్కర్లేనిది ఎక్కడ

మీరు అడిగింది నాకు సరిగ్గా అర్థమైందో లేదో ముందు చూసుకుంటాను. మీరు విశాఖలో ఉంటారు, ఉంగరాల జుట్టు. పీవీపీ (పాలీవినైల్‌పైరోలిడోన్) ఉన్న జెల్, డైమెథికోన్ (ఒక రకం సిలికోన్) ఉన్న సీరమ్, పాలీక్వాటర్నియం-7 ఉన్న కండిషనర్ వాడతారు. ఆరేళ్ల పాప కూచిపూడి నేర్చుకుంటోంది, ప్రోగ్రాం ఉన్న రోజు తలకి హెయిర్ స్ప్రే కొడుతున్నారు. లేబుల్ మీది పేర్లు ఫోన్లో వెతికి చూసిన మీ అత్తయ్యగారు "ఇదంతా ప్లాస్టికే, నెత్తికి ప్లాస్టిక్ పూసుకుంటున్నావ్" అన్నారు. అప్పట్నుంచి మీకు టెన్షన్. అది మాడులోంచి లోపలికి పోతుందా, జుట్టు రాలుతుందా, క్యాన్సర్ తెస్తుందా, పాపకి వాడొచ్చా అని అడిగారు.

పంతొమ్మిదేళ్లు నా పని షాంపూలు, కండిషనర్లు, జెల్లు తయారుచేసే ల్యాబుల్లోనే గడిచింది. డాక్టర్ని కాను. కాబట్టి సీసాలో ఏముంది, అది జుట్టు మీద ఏం చేస్తుంది అన్నది ధైర్యంగా చెప్తాను. మాడు మీద పుండో, దద్దురో ఉంటే మాత్రం చర్మం డాక్టర్‌కి చూపించండి.

మీ అత్తయ్యగారి మాటలో సగం నిజం ఉంది. పీవీపీ, ఎక్రిలేట్లు, సిలికోన్లు అన్నీ పాలిమర్లే. అంటే చిన్న చిన్న అణువులు దండలా గుచ్చుకుని తయారైన పొడుగాటి అణువులు. ప్లాస్టిక్ సంచీ కూడా పాలిమరే. ఆ లెక్కన ఆవిడ నేత చీరకి పెట్టే గంజీ పాలిమరే, మన జుట్టూ పాలిమరే. గంజి పెట్టిన చీర ఆరాక బిరుసుగా ఎందుకు నిలబడుతుందో, జెల్ రాసిన జుట్టూ అందుకే నిలబడుతుంది. నీళ్లలో కరిగి ఉన్న పొడుగాటి అణువులు, నీళ్లు ఆరేకొద్దీ ఒకదానికొకటి అల్లుకుని పల్చటి పొరగా మిగులుతాయి. రెండు వెంట్రుకలు తగిలే చోట ఆ పొర చిన్న అతుకులా పడుతుంది. అలాంటి అతుకులు వేలల్లో పడితే ఉంగరం చెదరకుండా నిలబడుతుంది. మందారాకు నలిపితే వచ్చే జిగురు, ఉడికించిన అవిసె గింజల జెల్, కొందరు తలకి పోసుకునే గంజి, ఇవన్నీ చేసేది ఈ పనే. లేబుల్ లేదు కాబట్టి ఎవరూ ఫోన్లో వెతకరు.

ఇంకో సంగతి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో హెయిర్ స్ప్రే డబ్బాలు కొత్తగా వచ్చినప్పుడు అందులో వాడిన జిగురు లక్క. మన లాడ్ బజార్ గాజుల్లో ఉండే లక్కే. పూర్తిగా సహజం. కాకపోతే తలంటుకున్నా ఓ పట్టాన వదిలేది కాదు, జుట్టు అట్ట కట్టేది. నీళ్లతో వదిలే పీవీపీ దొరికాక తయారీదార్లు దాని వైపు తిరిగారు.

ఈ పీవీపీ కథ కాస్త వివరంగా చెప్తాను, మీ మొదటి ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది. 1930ల చివర్లో జర్మనీలో వాల్టర్ రెప్పె అనే రసాయన శాస్త్రవేత్త దగ్గర పుట్టింది. యుద్ధంలో రక్తం చాలనప్పుడు ప్లాస్మాకి బదులుగా దీన్ని సైనికుల నరాల్లోకి ఎక్కించారు. ఇప్పుడు మీ ఇంట్లో కూడా ఉండే ఉంటుంది: దెబ్బ తగిలితే రాసే బెటాడిన్‌లో అయోడిన్‌ని పట్టి ఉంచే పోవిడోన్ అంటే పీవీపీయే. చాలా మాత్రల్లో పొడి రాలిపోకుండా పట్టి ఉంచేదీ అదే. అంటే మీ అత్తయ్యగారు వేసుకునే మాత్రల్లోనూ ఉండే అవకాశం ఉంది (ఈ ముక్క ఆవిడతో అనకండి, గొడవ నా మీదికి వస్తుంది).

అలాగని పీవీపీకి మచ్చే లేదని కాదు. దాన్ని పదేపదే ఇంజెక్షన్ ద్వారా ఎక్కించుకున్నవాళ్లలో ఆ పెద్ద అణువులు బయటికి పోలేక ఎముకల్లో, చర్మంలో పేరుకుపోయిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. సూదితో రక్తంలోకి పోతే ఒక లెక్క, జుట్టు మీద ఆరితే ఇంకో లెక్క. చర్మం దాటి లోపలికి పోవాలంటే అణువు బరువు సుమారు 500 డాల్టన్ల (అణువుల బరువుకి వాడే కొలత) లోపు ఉండాలన్నది ఒక మోటు లెక్క. జెల్లో మామూలుగా వాడే కె-30 రకం పీవీపీ అణువు బరువు 50 వేల దగ్గర ఉంటుంది. గుమ్మంలోంచి బిందె పడుతుంది గానీ ఏనుగు పట్టదు కదా. కాబట్టి మాడులోంచి లోపలికి పోతుందేమోనన్న భయం పక్కన పెట్టండి.

నేను లెక్కచేసేది వేరే విషయం. పెద్ద దండ చర్మం దాటదు, సరే. దండ గుచ్చగా బుట్ట అడుగున మిగిలిపోయిన విడి పూల సంగతేంటి? పాలిమర్ తయారీలో చివరికి కొద్దిగా మోనోమర్, అంటే గుచ్చుకోకుండా మిగిలిన చిన్న అణువు, ఉండిపోతుంది. మీ కండిషనర్లోని పాలీక్వాటర్నియం-7 తయారయ్యేది ఎక్రిలమైడ్‌తో. పాలిమర్‌గా మారాక గొడవ లేదు. విడి ఎక్రిలమైడ్‌ని మాత్రం అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో బహుశా క్యాన్సర్ కలిగించేవి అన్న 2ఏ వర్గంలో పెట్టింది. అందుకే ఐరోపా నిబంధనల్లో, ఒంటికి రాసి కడగకుండా వదిలేసే వాటిలో మిగులు ఎక్రిలమైడ్ కిలోకి 0.1 మిల్లీగ్రాము, మిగతా సౌందర్య సాధనాల్లో 0.5 మిల్లీగ్రాము మించకూడదని ఉంది. ఇది ఎంతో తెలియడానికి ఒక పోలిక. బంగాళాదుంప లాంటివి బాగా వేయిస్తే ఎక్రిలమైడ్ పుడుతుందని 2002లో స్వీడన్‌లో బయటపడింది. ఇప్పుడు ఐరోపాలో చిప్స్‌కి పెట్టుకున్న సూచిక స్థాయి కిలోకి 750 మైక్రోగ్రాములు, అంటే 0.75 మిల్లీగ్రాము. చిప్స్ తింటాం. కండిషనర్ రెండు నిమిషాలు ఉంచి కడిగేస్తాం. క్యాన్సర్ భయంతో ఏదైనా ఒకటి మానేయాలంటే నేనైతే చిప్స్ మానేస్తాను.

అయితే ఆ పరిమితి లోపలే ఉందని చెప్పాల్సింది పాలిమర్ అమ్మినవాడు. ఒకసారి మాకు వచ్చిన డ్రమ్ములతో మిగులు మోనోమర్ రిపోర్టు రాలేదు. అడిగితే "సార్, అందరూ ఇదే వాడుతున్నారు" అన్నారు. డ్రమ్ములు వెనక్కి పంపాం, ప్రొడక్షన్ పదిరోజులు ఆగింది, నాకు చీవాట్లూ పడ్డాయి. అందుకే మీకు చెప్పేది: ఏ పదార్థం అన్నదానికంటే ఎవరు తయారుచేశారన్నది ముఖ్యం. మన దేశంలో కాస్మెటిక్స్ రూల్స్ 2020 ప్రకారం లేబుల్ మీద తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, పదార్థాల జాబితా ఉండాలి. జాబితాలో ఒక శాతం కంటే ఎక్కువ ఉన్నవి ఎక్కువ నుంచి తక్కువకి వరసలో రాయాలి, ఒక శాతమో ఆ లోపో ఉన్నవి ఎలాగైనా రాసుకోవచ్చు. పార్లర్ సామాను కొట్లలో ఐదు లీటర్ల డబ్బాల్లో 'ప్రొఫెషనల్' అని రాసి అమ్మే పేరూ ఊరూ లేని సీరమ్‌లు, జెల్లు కొనకండి. అందులో ఏముందో నాకూ తెలియదు, అమ్మేవాడికీ తెలియదు.

ఇక కండిషనర్. ఈ రంగంలో నాకు బాగా నచ్చిన కిటుకు ఇక్కడే ఉంది, కొంచెం ఓపిక పట్టండి.

కొత్తగా మొలిచిన వెంట్రుక మీద సహజంగా ఒక పల్చటి కొవ్వు పూత ఉంటుంది. నీళ్లు అంటనివ్వదు, వేలికి జారుతుంది. రంగులు, బ్లీచ్, ఎండ, ఏళ్ల తరబడి దువ్వెన, వీటితో ఆ పూత పోతుంది. జుట్టు నెలకి సుమారు సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి నడుము దాకా జడ ఉన్నవాళ్ల జుట్టు చివరకి ఐదారేళ్ల వయసు ఉంటుంది. మాడు దగ్గర పసిబిడ్డ, జడ చివర ముసలమ్మ. పూత పోయిన చోట వెంట్రుక మీద రుణ విద్యుదావేశం పెరుగుతుంది. పాలీక్వాటర్నియం పేరున్న వాటికి ఉండేది ధన ఆవేశం. అందుకని అవి ఎక్కువ దెబ్బతిన్న చోటికే ఎక్కువగా వెళ్లి అంటుకుంటాయి. మనం దారి చూపించక్కర్లేదు.

షాంపూలో ఇంకా తమాషాగా జరుగుతుంది. సీసాలో ఉన్నప్పుడు పాలిమర్, నురగనిచ్చే పదార్థం కలిసి కరిగే ఉంటాయి. మీరు నీళ్లు పోసి కడిగేటప్పుడు పలచబడి ఒక దశలో ఆ రెండూ జట్టుకట్టి ద్రావణంలోంచి విడిపోతాయి, మెత్తటి జిగురు బొట్లలా జుట్టు మీద దిగుతాయి. మురికి వదిలే సమయంలోనే పూతా పడుతుందన్నమాట. షాంపూ అంతా కడిగేసుకున్నాక జుట్టు మెత్తగా తగిలేది అందుకే. ఈ పనికి ఎక్కువగా వాడేవి సెల్యులోజ్ నుంచి చేసే పాలీక్వాటర్నియం-10, ఇంకా గ్వార్ హైడ్రాక్సీప్రొపైల్‌ట్రైమోనియం క్లోరైడ్. రెండో పేరు చూసి జడుసుకోకండి, గ్వార్ అంటే గోరుచిక్కుడు. దాని గింజల జిగురుకి ధన ఆవేశం తగిలించి చేస్తారు. ఆ పంట ఎక్కువగా రాజస్థాన్‌లో పండుతుంది.

ఇదంతా ఒంటికి ఎంత హాని అంటే, తక్కువ. జుట్టుకి నష్టం మాత్రం ఒకటి ఉంది. పూత మీద పూత పడి పేరుకుంటుంది. వారం వారం కండిషనర్ వాడుతూ ఎప్పుడూ గాఢమైన షాంపూ వాడకపోతే జుట్టు బరువెక్కి, అంటుకుపోయి, స్నానం చేసిన మర్నాటికే జిడ్డుగా కనిపిస్తుంది. నెలకి ఒకసారో, మూడు వారాలకి ఒకసారో మామూలు సల్ఫేట్ షాంపూతో రెండుసార్లు రుద్దుకోండి. కుంకుడుకాయతో సరిపోదా అని అడుగుతారని తెలుసు. కుంకుడు, తలకి రాసిన నూనెని బాగానే వదిలిస్తుంది. నా చేత్తో చూసినంతలో సిలికోన్ పూతని, పాలీక్వాటర్నియం పూతని అంత బాగా వదిలించదు. నూనె రాసి కుంకుడుతో అంటుకునేవాళ్లకి హాయిగా ఉంటుంది. సీరమ్ వాడుతూ కుంకుడుతోనే అంటుకునేవాళ్లే నాకు ఎక్కువగా ఫిర్యాదు చేస్తారు.

మీ సీరమ్‌లోని డైమెథికోన్ గురించి క్లుప్తంగా. అది వెంట్రుకల మీద జారుడు పొర, చిక్కు తీసేటప్పుడు తెగకుండా కాపాడుతుంది. చర్మం దాటదు, ఎలర్జీలు చాలా అరుదు. కొబ్బరినూనె పని వేరు: అది వెంట్రుక లోపలికి కొంత ఇంకుతుంది, తడిసినప్పుడు ప్రోటీన్ పోవడాన్ని తగ్గిస్తుంది. సిలికోన్ ఇంకదు, పైనే ఉంటుంది. ఒకదానికి ఒకటి బదులు కాదు. సీరమ్‌లో సైక్లోపెంటాసిలోక్సేన్ అని కూడా ఉంటుంది చూడండి. అది పొర కట్టదు, డైమెథికోన్‌ని జుట్టంతా పరిచి ఆవిరైపోతుంది. దాని మీద ఉన్న అభ్యంతరం ఎక్కువగా పర్యావరణం వైపు నుంచి వచ్చింది. త్వరగా నశించదు కాబట్టి ఐరోపాలో కడిగేసే వస్తువుల్లో 2020 జనవరి 31 తర్వాత 0.1 శాతానికి కుదించారు. రాసి వదిలేసే వాటికీ 2027 జూన్ నుంచి అదే పరిమితి. దీని అన్న లాంటి సైక్లోటెట్రాసిలోక్సేన్ మాత్రం సంతానోత్పత్తి మీద ప్రభావం చూపుతుందన్న కారణంతో అక్కడ సౌందర్య సాధనాల్లో నిషేధం. మీ లేబుల్‌లో ఆ పేరు కనిపిస్తే మార్చేయండి. డైమెథికోన్ కనిపిస్తే మార్చక్కర్లేదు.

ఇక హెయిర్ స్ప్రే. మీరు నాలుగో ప్రశ్నగా అడిగారు గానీ, నేనైతే మొదట అడిగేవాణ్ని. జుట్టు మీద ఉన్నంత వరకూ ఈ పొరలతో పేచీ లేదు. గాలిలో ఉన్నప్పుడే పేచీ.

1958లో అమెరికాలో కొందరు డాక్టర్లు హెయిర్ స్ప్రే ఎక్కువగా వాడేవాళ్ల ఊపిరితిత్తుల్లో మచ్చలు చూశామని, లోపల పాలిమర్ పేరుకుని ఉండొచ్చని రాశారు. దానికి థెసారోసిస్ అని పేరు పెట్టారు. ఆ తర్వాత జరిగిన పరిశీలనల్లో ఆ సంబంధం గట్టిగా నిలబడలేదు. కానీ ఆ భయం వల్ల ఒక మంచి జరిగింది, తుంపర ఎంత సన్నంగా ఉండాలన్నది అందరూ పట్టించుకోవడం మొదలైంది. 10 మైక్రాన్ల (మిల్లీమీటరులో వందో వంతు) కంటే పెద్ద బొట్లు చాలావరకు ముక్కులో, గొంతులో ఆగిపోతాయి. అంతకంటే సన్నవి ఊపిరితిత్తుల అడుగు దాకా పోగలవు. సరిగ్గా చేసిన హెయిర్ స్ప్రేలో బొట్లు ఎక్కువ భాగం ఆ గీతకి పైనే ఉండేలా నాజిల్, గ్యాస్ ఒత్తిడి, పాలిమర్ చిక్కదనం కుదురుస్తారు. డబ్బాలో జిగురు ఒక్కటే ఉండదని కూడా గుర్తుపెట్టుకోవాలి. ఒకప్పుడు కొన్ని స్ప్రేల్లో తోసే గ్యాస్‌గా వినైల్ క్లోరైడ్ వాడేవాళ్లు. అది క్యాన్సర్ కారకమని తేలాక 1974లో అమెరికాలో నిషేధించారు. అంటే ఆ రోజుల్లో అందరూ జిగురుని అనుమానిస్తుంటే అసలు దొంగ గ్యాస్ రూపంలో పక్కనే ఉంది.

ఇప్పుడు డబ్బాల్లో ఉండేది ఎక్కువగా ప్రొపేన్, బ్యూటేన్. వంటగ్యాస్ బంధువులే. దానికి తోడు ఆల్కహాల్. కూచిపూడి ప్రోగ్రాంలో స్టేజీ మీద నటరాజ విగ్రహం ముందు దీపం ఉంటుంది, పూజ అయ్యాక హారతి ఉంటుంది. తరంగం చేసే పిల్లలు ఉంటే ఇత్తడి పళ్లెం చుట్టూ దీపాలు కూడా పెట్టొచ్చు. గ్రీన్‌రూమ్‌లో ఒకే గదిలో పదిహేను మంది పిల్లలకి వరసగా స్ప్రే కొట్టి వెంటనే స్టేజీ మీదికి పంపడం నేను కళ్లారా చూశాను. తడి ఆరకముందు, ఆ ఆవిరి గదిలో ఉండగా, అగ్గిపుల్ల గీసినా ప్రమాదమే. స్ప్రే కొట్టాక కనీసం పది నిమిషాలు, గాలి ఆడే చోట నిలబెట్టి, ఆరాకే దీపం దగ్గరికి పంపండి.

పాపకి ఆయాసం, పిల్లికూతలు ఉంటే స్ప్రే డబ్బా అసలొద్దు. అరచేతిలో కాస్త జెల్ తీసుకుని నీళ్లు కలిపి, నుదుటి దగ్గర చిన్న వెంట్రుకలు అణిగేలా రాయండి, చాలు. స్ప్రే తప్పదనుకుంటే గ్యాస్ లేకుండా చేత్తో నొక్కే పంపు సీసా తీసుకోండి, దాని బొట్లు పెద్దవి. తలుపు తీసి, పాప కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టాక అడుగు దూరం నుంచి కొట్టండి. ఏడాదికి నాలుగైదు ప్రోగ్రాంల పాలిమర్ కంటే పాప జుట్టుకి ఎక్కువ చేటు చేసేది బిగించి వేసే జడ, దానికి వేలాడే కుప్పెలు, జడబిళ్లల బరువు. రోజూ అలా లాగి కట్టే పిల్లలకి నుదుటి అంచు పల్చబడుతుంది. రోజూ క్లాసుకి వదులు జడ వేయండి, ఆహార్యం ప్రోగ్రాం రోజున మాత్రమే.

"ప్లాస్టిక్ వద్దు, సహజమైన ప్రోటీన్ ఉన్నది వాడదాం" అనుకునేవాళ్ల కోసం ఒక మాట. గోధుమ ప్రోటీన్‌ని ముక్కలు చేసి హైడ్రోలైజ్డ్ వీట్ ప్రోటీన్ అని జుట్టు వస్తువుల్లో పొర కోసం వాడతారు. జపాన్‌లో ఇలాంటి ప్రోటీన్ కలిపిన ఒక ముఖం సబ్బు వాడిన రెండు వేల మందికి పైగా గోధుమ ఎలర్జీ పట్టుకుంది. సబ్బుతో మొదలైంది, ఆ తర్వాత రొట్టె తిన్నా ఒళ్లు దద్దుర్లు, కొందరికి ఊపిరాడని పరిస్థితి. 2010, 2011 ప్రాంతంలో అది బయటపడ్డాక ఐరోపా ఆ ప్రోటీన్ ముక్కల సగటు అణుబరువు 3.5 కిలోడాల్టన్లు మించకూడదని పరిమితి పెట్టింది. ముక్కలు పెద్దవైతే ఒంటి రక్షణ వ్యవస్థ వాటిని గోధుమగా గుర్తుపడుతుంది. పీవీపీకి ఇంతటి చరిత్ర లేదు. ఇంట్లో ఎవరికైనా గోధుమ పడకపోతే షాంపూ లేబుల్ మీద వీట్ అన్న మాట కోసం చూడండి.

మాడు దురద పెడితే పొర కట్టే పదార్థాన్ని అనుమానించే ముందు మూడు చూడండి: సువాసన, ప్రిజర్వేటివ్, హెయిర్ డై. మిథైల్ ఐసోథయాజోలినోన్ అనే ప్రిజర్వేటివ్ వల్ల ఎలర్జీలు ఎంత పెరిగాయంటే, ఐరోపాలో రాసి వదిలేసే వస్తువుల్లో 2017 నుంచి దాన్ని పూర్తిగా ఆపేశారు. కొత్త జెల్ ఏదైనా సరే మోచేతి మడతలో రూపాయి బిళ్లంత మేర రోజుకి రెండుసార్లు, వారం రోజులు రాసి చూడండి. ఎర్రబడకపోతే తలకి వాడండి.

జుట్టు రాలడం గురించి. వెంట్రుక పుట్టే కుదురు చర్మం కింద ఉంటుంది, పొర పైన ఉంటుంది, ఒకదాన్ని ఒకటి చూసుకోవు. రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు ఊడడం మామూలే. మీ దువ్వెనలో వచ్చినవాటిని తెల్లకాగితం మీద పెట్టి చూడండి. ఒక కొసకి చిన్న తెల్లటి బొడిపె ఉంటే కుదురు నుంచి వయసయి ఊడింది. రెండు కొసలూ మామూలుగా, పొడుగు తక్కువగా ఉంటే మధ్యలో తెగింది. జెల్ వాడేవాళ్లలో నేను చూసింది ఎక్కువగా రెండోదే. జెల్ గట్టిపడ్డాక పొడిగా దువ్వితే అతుకులు విడవవు, వెంట్రుకే తెగుతుంది. ముందు తడి చేయండి, పొర మెత్తబడుతుంది, తర్వాత వెడల్పు పళ్ల దువ్వెన.

ఇప్పుడు మీరు పైపైన ప్రస్తావించి వదిలేసిన విషయం: జెల్ విశాఖలో జిగటగా ఉంటోంది, హైదరాబాద్‌లో మీ చెల్లెలి ఇంట్లో డిసెంబర్లో వాడితే చుండ్రులా పొట్టు రాలింది అన్నారు. రెండింటికీ కారణం పీవీపీ స్వభావమే. అది గాలిలో తేమని ఇష్టంగా పీలుస్తుంది. సముద్రం పక్కన పీల్చిన నీళ్లతో పొర మెత్తబడి బంకలా అవుతుంది, ఉంగరాలు జారిపోతాయి. పొడి చలిగాలిలో నీళ్లు పోయి పెళుసుబారి, అప్పడంలా విరిగి రాలుతుంది. అది చుండ్రు కాదు, దానికి చుండ్రు షాంపూ దండగ. విశాఖకి వీపీ/వీఏ కోపాలిమర్ అని రాసి ఉన్న జెల్ మేలు, వినైల్ ఎసిటేట్ కలవడం వల్ల తేమ తక్కువ పీలుస్తుంది. ఎక్రిలేట్స్ కోపాలిమర్ ఉన్నవి ఇంకాస్త తట్టుకుంటాయి. గ్లిజరిన్ జాబితాలో నీళ్ల తర్వాతే ఉన్న జెల్ మీ ఊళ్లో వానాకాలం వద్దు.

పొట్టు రాలడానికి ఇంకో కారణం కూడా ఉంటుంది, దీని గురించి ప్యాకెట్ మీద ఎవరూ రాయరు. జెల్‌ని చిక్కగా చేసేది చాలావరకు కార్బోమర్, దానికి రుణ ఆవేశం. కండిషనర్లో ధన ఆవేశం. ల్యాబులో చేరిన కొత్తలో నేను కార్బోమర్ జెల్లో పాలీక్వాటర్నియం పోసి యాభై కిలోల బ్యాచ్ నాశనం చేశాను, పాలు విరిగినట్టు ముద్దలు ముద్దలైంది. మీరు కడగకుండా వదిలేసే కండిషనర్ రాసి, దాని మీద ఆ జెల్ రాస్తే తల మీద అదే జరుగుతుంది. అరచేతిలో రెండూ చెరో బొట్టు వేసి వేలితో రుద్ది చూడండి. నున్నగా కలిస్తే జుట్టు మీదా కలుస్తాయి. తెల్లటి పలుకులు కనిపిస్తే ఆ రెండిటికీ పడదు, ఒకటి మార్చండి.

ఇస్త్రీలాంటి స్ట్రెయిట్‌నర్ వాడేటప్పుడు కూడా ఈ పొర కొంత వేడిని ఆపుతుంది. అయితే జుట్టు పూర్తిగా ఆరి ఉండాలి, 180 డిగ్రీలు దాటొద్దు. తడి జుట్టు మీద పెడితే లోపలి నీళ్లు ఆవిరై వెంట్రుకలోనే బుడగలు వస్తాయి, ఆ తర్వాత ఏ సీరమూ బాగుచేయలేదు.

చివరి ప్రశ్న మీది కాదు, కింద ఇంకెవరో అడిగారు: పార్లర్‌లో చేసే కెరాటిన్ ట్రీట్‌మెంట్ కూడా ఇలాంటి పొరేనా అని. కాదు. చాలా వాటిలో ఫార్మల్డిహైడ్ గానీ, వేడి చేస్తే అది పుట్టే పదార్థం గానీ ఉంటుంది, లేదంటే గ్లయాక్సిలిక్ యాసిడ్. గ్లయాక్సిలిక్ యాసిడ్ ఉన్న స్ట్రెయిటెనింగ్ క్రీమ్ మూడుసార్లు వాడి, మూడుసార్లూ కిడ్నీ దెబ్బతిన్న 26 ఏళ్ల యువతి కేసు 2024లో ఒక పెద్ద వైద్య పత్రికలో వచ్చింది. అది చిన్న అణువు, లోపలికి పోతుంది. పెట్టుకోవాలంటే మీ టెన్షన్ అంతా అక్కడ పెట్టండి.

మీరు టైప్ చేసిన జెల్ జాబితాలో ఐదో పేరు సగంలో ఆగిపోయింది, "పాలీక్వాట..." అని ఉంది. నంబరు ఎంతో చూసి చెప్పండి. 11 అయితే అందులో పీవీపీ బంధువే ఉంటుంది, విశాఖ తేమకి పైన చెప్పిందే దానికీ వర్తిస్తుంది. 4 అయితే మీకు బాగానే పనికొస్తుంది.